కందిగింజంత గంధం

నేను ఒక పాలమీటరును. చదువుకున్నవాళ్లు లాక్టోమీటరంటారు, చదువుకోనివాళ్లు ‘ఆ గొట్టం’ అంటారు. రెండో పేరే నాకు సరిపోయింది. మనుషులు నన్ను ఎంత భక్తిగా పట్టుకున్నా, అవసరం తీరాక నేను వాళ్లకి గొట్టంగాణ్ణే.

పుట్టింది గాజు బట్టీలో. ఊదేవాడెవడో బుగ్గలు ఉబ్బించి ఊదితే పొట్ట వచ్చింది, సాగదీస్తే మెడ వచ్చింది, అడుగున సీసం గుళ్లు పోస్తే నిటారుగా నిలబడే గుణం వచ్చింది. మెడలో గీతల కాగితం చుట్టిపెట్టి పైన మూసేశారు. మనుషులు ఒక్క డిగ్రీ కోసం పదిహేనేళ్లు చదువుతారు. నేను నలభై డిగ్రీలు మెడలో వేసుకునే పుట్టాను. అయినా ఉద్యోగం పల్లెటూళ్లోనే దొరికింది.

నా పనికి వేదాంతం అక్కర్లేదు. చిక్కటి పాలలో పైకి తేలతాను, పల్చటి పాలలో కిందికి దిగుతాను, ఉత్త నీళ్లలో సున్నా గీత దాకా మునిగి ఆగుతాను. నన్ను ముంచి, పాలమట్టం ఏ గీత దగ్గరుందో చూసి చదవాలి, అంతే. లోకంలో ఎదుటివాణ్ణి ముంచకుండా మునిగి నిజం చెప్పేవాణ్ణి నేనొక్కణ్ణే అని చాన్నాళ్లు గర్వపడ్డాను. ఆ గర్వం ఎలా కరిగిందో చెబుతాను వినండి. ముక్కు మూసుకుని వినండి, ఇది కాస్త విరిగిన పాల కథ.

పెదగొర్లపాడు పాలకేంద్రంలో పాలు పట్టేవాడు ముక్తేశ్వరం. యాభై ఏళ్లుంటాయి. మెళ్లో రుద్రాక్ష, నుదుట విభూతి, చొక్కా ఎడమ జేబులో నేను. అంటే గుండెకి ఆనుకుని ఉండేవాణ్ణి. ఆ గుండె చప్పుడు రోజూ వినపడేది. ఆ గుండె మాట మాత్రం ఒక్కసారే వినపడింది, అదీ నత్తినత్తిగా.

మనిషి చెడ్డవాడు కాడు. నాకు ఎక్కువ ఒళ్లుమంట తెప్పించేది అదే. చెడ్డవాడయితే తిట్టిపోసి ఊరుకోవచ్చు. ముక్తేశ్వరానికి ముక్తి పిచ్చి. పొద్దున్నే పేడ చేతులతో, పాలచెంబులతో వరసలో నిలబడ్డవాళ్లని అడిగేవాడు.

“అసలు మనిషి పుట్టుకకి పరమార్థం ఏందంటావ్ కోటిలింగం?”

“పాలు పొయ్యటం. తొందరగా పట్టు, అవతల చేనికి నీళ్లు పెట్టాల” అనేవాడు కోటిలింగం.

“చేనికి పెట్టావు సరే. పాలకి ఎన్ని పెట్టావు?”

వరసంతా గొల్లున నవ్వేది. ఆ నవ్వులో తప్పు ఒప్పుకోలూ ఉంది, క్షమాపణా ఉంది, రేపు మళ్లీ కలుపుతామన్న హామీ కూడా ఉంది.

ఎందుకంటే పుస్తకం ప్రకారం ఇరవయ్యెనిమిది గీతకి తగ్గితే అవి మొదటి రకం పాలు కావు. పెదగొర్లపాడు ప్రకారం ఇరవయ్యారు చాలు. మధ్యలో రెండు గీతలు ఊరి ఉమ్మడి ఆస్తి. పాలు పితికిన చెంబు తొలిచి, ఆ నీళ్లు పారబోయడం పాపమని పాలలోనే పోస్తారు. దానికి ‘తొలిచిన నీళ్లు’ అని పేరు. పుణ్యాత్ములు! చెంబుని తొలిచినట్టే తొలిచి నీతిని తొలిచేశారు. అందరూ కలిపేవాళ్లే, అందరూ ఇంచుమించు సమానంగా కలిపేవాళ్లే. ఈ దేశంలో సమానత్వం ఎక్కడుందని ఎవరైనా అడిగితే మా వరస చూపించండి.

తొలిచిన నీళ్లు కుడితితొట్లో పోసేది గురవమ్మ ఒక్కతే. ఆమె మొగుడు గ్రానైటు క్వారీలో రాళ్లు కోస్తూ నెలకోసారి ఇంటికొచ్చేవాడు. ఇంట్లో ఉన్నది ఒక్క గేదె. కేంద్రంలో ఆమెది పదిహేడో నంబరు. ఆ నంబరు మీదే ఆ ఇల్లు నడిచేది. అది పోతే పాలు పోయడానికి ఊళ్లో ఇంకో చోటు లేదు. ఆమె పాలలో నేను రోజూ ఇరవయ్యొమ్మిది దగ్గర హాయిగా తేలేవాణ్ణి. మిగతా పాలలో ఈదేవాణ్ణి.

కేంద్రానికి ప్రెసిడెంటు వీరరాఘవయ్య. పది గేదెలు, పాలుగారే మొహం. బోణీ ఆయన పాలతోనే కావాలన్నది ఆచారం. ఆయన పాలూ ఎప్పుడూ సరిగ్గా ఇరవయ్యొమ్మిదే చూపించేవి. చలికాలం, ఎండాకాలం, గేదె ఈనినా, వట్టిపోతున్నా ఇరవయ్యొమ్మిదే. అంత నిలకడ గల గేదెల్ని చూసి నేనే సిగ్గుపడేవాణ్ణి.

అలా ఉండగా దసరా వచ్చింది. ఆయుధపూజ నాడు నాగలున్నవాడు నాగలికీ, ట్రాక్టరున్నవాడు ట్రాక్టరుకీ పూజ చేశారు. ముక్తేశ్వరానికున్న ఆయుధం నేనే. నన్ను పీటమీద పడుకోబెట్టి, నా మెడ చివర, అంటే పాలకి ఎప్పుడూ తగలని నా నెత్తిమీద, కందిగింజంత గంధం మెత్తి దానిమీద కుంకుమ అద్దాడు. కళ్లకద్దుకుని, “నిజం నిగ్గుతేల్చే తల్లీ” అన్నాడు. నేను ఆడో మగో నాకే తెలియదు, ఆయనకి తెలిసిపోయింది. పొద్దుటికల్లా గంధం రాయిలా బిగుసుకుంది.

మనిషికి పొగడ్త నెత్తికెక్కితే పైకి తేలిపోతాడు. నాకు గంధం నెత్తికెక్కితే కిందికి దిగిపోయాను. గాలి ఊదిన గాజుబుడ్డిని నేను. నా నెత్తిన కందిగింజంత బరువు పెడితే నాలుగు గీతలు తేడా వస్తుంది. ఇది తెలుసుకోవడానికి చదువక్కర్లేదు. కాని పూజ చేసినదాన్ని పరీక్ష చేయకూడదన్నది వీళ్ల శాస్త్రం.

మర్నాడు బోణీ. వీరరాఘవయ్య పాలు ఇరవయ్యొమ్మిది. “పాలంటే ఇయ్యీ” అన్నాడు ముక్తేశ్వరం.

తర్వాత కోటిలింగం. ఇరవయ్యిరెండు.

ఇంకేముంది, రంకెలేస్తాడు, నన్ను విరిచేస్తాడు అనుకున్నాను. కోటిలింగం ఒకసారి దగ్గాడు. “మా ఇంటిది చెంబు కాస్త గట్టిగా తొలిచినట్టుందిలే” అని గొణిగి, పాలు రెండోరకం డబ్బాలో పోసి తల వంచుకు పక్కకి జరిగాడు. వెనకవాడివి ఇరవయ్యిమూడు. వాడు పెళ్లానికేసి గుడ్లురిమాడు. ఆ వెనకామెవి ఇరవయ్యిరెండున్నర. ఆమె కోడలికేసి చూసింది. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, మీటరు తప్పేమో అనలేదు. ఎవడి మటుకు వాడు ఈరోజు మనవే ఎక్కువయ్యాయి కాబోలు అనుకున్నాడు. దొంగల నోటికి వాళ్ల దొంగతనమే తాళమేసింది. వరుసగా ఇరవయ్యారు మంది రెండోరకం డబ్బాలో పోసి, అంత్యక్రియలకొచ్చినవాళ్లలా మౌనంగా పక్కన నిలబడ్డారు.

ఇరవయ్యెనిమిదో మనిషి గురవమ్మ. ఇరవయ్యైదు.

“ఇరవయ్యైదా? నా పాలా?” అంది. “ఇంకోసారి ముంచన్నా.”

“ముంచాగా తల్లీ. మీటరు మనకేమన్నా చుట్టమా, మొహం చూసి చెప్పటానికి?”

“అయితే దానికే ఏదో తెగులు పట్టింది. నేను చుక్క నీళ్లు కలపలా. నా గేదె మీదొట్టు.”

“గేదె వచ్చి కాదంటదా ఏంది!” అన్నాడు కోటిలింగం. “ఇంతమందిమి కిక్కురుమనకుండా పోశాం. నీకొక్కదానికే పొడుచుకొచ్చిందే రోషం?”

“మీరెందుకు కిక్కురుమనలేదో మీకు తెలుసు బావా. నేనెందుకు అరుస్తన్నానో నాకు తెలుసు.”

నన్నడిగితే ఆమె చేసిన నేరం అదొక్కటే. ఆమె పాలు ఆ వరసలో అందరివాటికన్నా చిక్కటివి. ఆమె మాట అంతకన్నా చిక్కటిది. పల్చటివాళ్లకి అది అరగలేదు.

“దాన్ని నీళ్లలో ముంచండి” అంది గురవమ్మ. “సున్నా చూపిస్తే నోరు మూసుకుంటా.”

వీరరాఘవయ్య ముందుకొచ్చాడు. “తప్పమ్మా. పూజ చేసిన వస్తువు. బొట్టు పెట్టి రోజు తిరక్కముందే బోరింగు నీళ్లలో ముంచుతారా? అపచారం.”

“మరి పాలల్లో ముంచుతున్నారుగా?”

“పాలు అభిషేకం కిందికొస్తయ్.”

నా జన్మలో విన్న తర్కాల్లో దీనికి సాటిలేదు. అభిషేకమట! ముక్తేశ్వరం కూడా తలూపాడు. “ఊరందరి మీదా నింద మోపావు” అన్నాడు ప్రెసిడెంటు. “ఎల్లుండి మీటింగు పెడతాం. నీ నంబరు ఉండాలో పోవాలో అందరూ కలిసి తేలుస్తారు. అప్పటిదాకా నీ పాలు పట్టం.”

మధ్యాహ్నం ఇంటికెళ్లాక ముక్తేశ్వరానికి అన్నం సహించలేదు. ఆమె మాట ముల్లులా గుచ్చుకున్నట్టుంది. పెరట్లోకి వచ్చి, చుట్టూ చూసి, లోతైన ఇత్తడి చెంబులో నీళ్లు నింపి నన్ను వదిలాడు. నేను సున్నా దాటి నాలుగు గీతలంత లోతుకి దిగిపోయాను. ఆయన మొహం నాకన్నా లోతుకి దిగింది. గోటితో గంధం గీకాడు. మళ్లీ వదిలాడు. సరిగ్గా సున్నా.

లెక్క ఆయనకి తట్టడం నేను కళ్లారా చూశాను. గురవమ్మ ఇరవయ్యైదుకి నాలుగు కలిపితే ఇరవయ్యొమ్మిది. ఆమె పాలు అమ్మపాలంత స్వచ్ఛం. అక్కడితో ఆగితే ఇబ్బంది లేదు, పొరపాటయిందని ఒక్క మాట చెప్పి దణ్ణం పెడితే సరిపోయేది. కాని లెక్క అక్కడ ఆగదు కదా. వీరరాఘవయ్య ఇరవయ్యొమ్మిదికి నాలుగు కలిపితే ముప్పై మూడు. మా ఊళ్లో ఏ గేదే అంత ఇవ్వలేదు. అవి గేదె పొదుగులోవి కావు. నీళ్లు పోసి పల్చనయినదాన్ని ఉప్పో, పంచదారో, పొలంలో చల్లాల్సిన యూరియానో పోసి బరువెక్కించినవి. రోజూ ఇరవయ్యొమ్మిది దగ్గర ఆగేలా నా గీతనే ఇంట్లో కొలతబద్దగా పెట్టుకుని తయారుచేసినట్టున్నారు. దసరా హడావిడిలో పాళ్లు తప్పాయి. పాలలో పాళ్లు తప్పితే పాపం బయటపడుతుంది. ఆ మొదటిరకం డబ్బా ఎక్కడికి పోతుందో తెలుసా? పట్నంలో హాస్టలు పిల్లలకి.

అంటే గురవమ్మని కాపాడాలంటే ప్రెసిడెంటుని పట్టివ్వాలి. రెండూ ఒక్క వాక్యమే: “ఆ రోజు మీటరు తప్పు.” నాలుగు మాటలు. ముప్పై ఏళ్లుగా పరమార్థం వెతుక్కుంటున్నవాడి పెరట్లోకి, ఇత్తడి చెంబులోకి, పరమార్థం తనంతట తాను వచ్చి తేలింది.

ముక్తేశ్వరం చెంబులో నీళ్లు పారబోశాడు.

సాయంత్రం అందరూ భయంతో తొలిచిన నీళ్లు తగ్గించి తెచ్చారు. నేను ఇరవయ్యెనిమిది చూపించాను. ప్రెసిడెంటు పోసిన పాలలో ముక్తేశ్వరం వేలు ముంచి నాలిక మీద పెట్టుకుని, నా గీత చూసి, పైకి “ఇరవయ్యొమ్మిది” అని చదివాడు. నేను చూపించింది ముప్పై మూడు. పొద్దున ఇరవయ్యొమ్మిదే వచ్చిందిగా, ఆ పాళ్లే మళ్లీ కలిపినట్టున్నారు. నాకు నోరుంటే అక్కడే కక్కేవాణ్ణి. పొట్టనిండా సీసమే, కక్కడానికేముంది!

చీకటి పడకముందే ముక్తేశ్వరం పొరుగూరి ఆశ్రమానికి పరుగెత్తాడు. అక్కడి స్వామి మడతకుర్చీలో కూర్చుని ద్రాక్షపళ్లు తింటున్నాడు.

“స్వామీ, ఒక నిజం తెలిసింది. చెబితే పెద్దోళ్లతో పేచీ. చెప్పకపోతే ఒక అమాయకురాలు పోద్ది” అన్నాడు నత్తినత్తిగా.

స్వామి గింజ ఊశాడు. “చెప్పాలా వద్దా అనే ప్రశ్న ఎక్కడ పుడుతోంది నాయనా? ‘నేను’ అనే అహంకారంలో. నువ్వు కర్తవు కావు. సాక్షివి. సాక్షిగా ఉండిపో.”

ముక్తేశ్వరం కళ్లు చెమర్చాయి. నాకు ఒళ్లంతా కంపరమెత్తింది. కోర్టులో సాక్షి అంటే నోరు విప్పేవాడు. ఆశ్రమంలో సాక్షి అంటే నోరు మూసుకునేవాడు. తిరుగుదారిలో ఆయన కూనిరాగం తీశాడు. మధ్యాహ్నం సహించని అన్నం ఆ రాత్రి కడుపునిండా తిన్నాడు. పాలలో వెన్న తీసేవాళ్లని చూశాను. మనిషిలో వెన్నెముక ఇంత మెత్తగా తీయవచ్చని ఆ సాయంత్రమే చూశాను.

మీటింగు పొద్దున పాలు పట్టడం అయిపోయాక, కేంద్రం వరండాలోనే పెట్టారు. గురవమ్మ ఖాళీ చెంబు పట్టుకుని ఒక పక్క నిలబడింది. పాలు తేవద్దన్నారుగా, అయినా చెంబు తెచ్చింది. నంబరు ఉంటుందన్న ఆశ కాబోలు.

“ఏమంటావమ్మా?” అన్నాడు వీరరాఘవయ్య.

“ఏముంది అనటానికి. నీళ్లలో ముంచమన్నా. ముంచలా. ఇప్పుడన్నా ముంచండి.”

ప్రెసిడెంటు ‘అపచారం’ అనబోయాడు. అంతలో ముక్తేశ్వరం లేచాడు. “ఆమె ముచ్చట ఎందుక్కాదనాలి? ముంచుదాం” అన్నాడు. గొంతు ఎంత మెత్తగా ఉందో! గాజు పాత్రలో అందరికీ కనపడేలా నీళ్లు పోయించి నన్ను వదిలాడు.

నేను ప్రయత్నించాను. ఒట్టు, నా శాయశక్తులా ప్రయత్నించాను. ఒక్క గీత ఎక్కువ మునుగుదామని, లేదా ఒక్క గీత తక్కువ మునుగుదామని. నావల్ల కాలేదు. అబద్ధమాడటం మనుషులకి పుట్టుకతోనే వస్తుంది, నాకు నెత్తిన గంధం పెడితే తప్ప రాదు. ఊగి ఊగి, సరిగ్గా సున్నా దగ్గర నిలబడ్డాను.

“సున్నా! అచ్చంగా సున్నా!” అన్నారు. ఎవరో చప్పట్లు కొట్టారు. నేను చెప్పిన నిజంతోనే ఆమె గొంతు కోశారు.

గురవమ్మ నీళ్లకేసి చూడలేదు. నా నెత్తికేసి చూసింది.

“అన్నా, దీని నెత్తిన ఆ పొద్దు ఇంత లావు బొట్టుంది గదా. ఏదీ?”

“కడిగాను.”

“ఎప్పుడు?”

ముక్తేశ్వరం నీళ్లు నమిలాడు. పాలలో కలపని మనిషి ఆయన. తన వంతు నీళ్లన్నీ ఆ ఒక్క క్షణం కోసం దాచుకున్నట్టున్నాడు.

“ఆ బొట్టు మళ్లీ పెట్టి ముంచు” అంది గురవమ్మ.

గాజువాణ్ణి కదా, నాకు అన్ని వైపులా కనపడుతుంది. ఒక్కొక్క మొహంలో విషయం వెలగడం చూశాను. కోటిలింగానికి ముందు తెలిసింది, వెంటనే చూపు దించుకున్నాడు. ఆ రోజు మీటరు తప్పయితే, మరి మనమంతా ఎందుకు నోరు మూసుకున్నాం? ఆ ప్రశ్నకి జవాబు ఇరవయ్యారు మందీ ఒకళ్ల ముందు ఒకళ్లు చెప్పుకోవాలి. దానికన్నా ఒక ఆడమనిషిని గెంటేయడం తేలిక.

“పదిహేడో నంబరు తీసెయ్యాలన్నవాళ్లు చేతులెత్తండి” అన్నాడు వీరరాఘవయ్య.

మొదట ఒకటి, ఆపైన నాలుగు, ఆపైన అన్నీ. కోటిలింగం చెయ్యి సగం లేచి, పక్కవాడి చెయ్యి చూసి, మిగతా సగం లేచింది. అందరూ ముక్తేశ్వరం వైపు తిరిగారు. ఆయన నన్ను నీళ్లలోంచి తీసి తుడవబోతున్నాడు. ఆ చెయ్యే పైకెత్తాడు. అన్ని చేతులకన్నా పైన, నీళ్లు కారుతూ, నేనున్నాను. నాకు ఓటు లేదు గాని, ఆ రోజు చూసినవాళ్లెవరికైనా నేనే అందరికన్నా గట్టిగా వేసినట్టు కనపడి ఉంటాను.

గురవమ్మ ఖాళీ చెంబు చంకన పెట్టుకుని వెళ్లిపోయింది.

ఆ మర్నాటి నుంచీ ఆమె మూడు మైళ్లు నడిచి, మెయిన్ రోడ్డు మీద మస్తాన్ టీకొట్టుకి పాలు పోయడం మొదలుపెట్టింది. నెల తిరక్కుండా మస్తాన్ టీ చుట్టుపక్కల పేరుపడింది. పెదగొర్లపాడు మగాళ్లు సైకిళ్లేసుకుని వెళ్లి తాగేవాళ్లు. “పాలంటే ఇయ్యిరా” అని చప్పరిస్తూ. తాగే నోరు ఒప్పుకున్నది మాట్లాడే నోరు ఒప్పుకోదు. దేవుడు ఒక్క నోరే ఇచ్చాడని వీళ్లనెవరూ నమ్మించలేరు. కోటిలింగం రెండు గ్లాసులు తాగేవాడు. ముక్తేశ్వరమూ పాలు పట్టడం అయ్యాక నన్ను జేబులో వేసుకుని వచ్చేవాడు. గురవమ్మ చెంబు కడుక్కునే వేళకి మాత్రం మొహం రోడ్డు వైపు తిప్పుకునేవాడు.

ఒకరోజు మస్తాన్ గ్లాసు అందిస్తూ, “మీటరు జేబులోనే ఉందిగా ముక్తేశ్వరం గారూ. మా పాలు కూడా ఓసారి చూడరాదూ, ఎన్ని డిగ్రీలో!” అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. బల్ల మీద కూర్చున్నవాళ్లెవరూ నవ్వలేదు. అందరూ ఒక్కసారిగా టీ ఊదుకోవడం మొదలుపెట్టారు. ముక్తేశ్వరం తడబడి, ఒక చేత్తో గ్లాసు అందుకుంటూ ఇంకో చేత్తో జేబు మూయబోయాడు. వంగిన మనిషి జేబులో నేనెంతసేపని నిలబడను? జారి, బండ మీద పడి, ముక్కలయ్యాను.

కూర్చున్నవాళ్లందరూ కాళ్లు పైకి లాక్కుని బల్ల మీద పెట్టుకున్నారు. అంతే, ఎవరూ దిగలేదు. ముక్తేశ్వరం నిలబడ్డచోటు నుంచి కదలకుండా నిట్టూర్చాడు.

“గాజు బతుకు. ఎవరిదైనా ఇంతేగా” అన్నాడు.

గురవమ్మ చెంబు పక్కన పెట్టి వచ్చింది. గొంతుక్కూర్చుని నా ముక్కలు ఒక్కొక్కటే ఏరి ఎడమ అరచేతిలో వేసుకోసాగింది. చిన్న నలుసులకి వేలు తడి చేసుకుని అద్దింది.

“నీకెందుకమ్మా ఆ పని” అన్నాడు మస్తాన్. “వాళ్లదేగా అది.”

“చెప్పుల్లేని కాళ్లు తిరిగే చోటు” అంది ఆమె, తల ఎత్తకుండానే. “అన్నా, నీ కాలు కాస్త తియ్యి. కింద ఇంకో ముక్కుంది.”